ఆహార ప్రింటర్‌లో ఏ పిండి పెట్టాలి? సోయా, బఠానీ, పెసలు, శనగలు, రాగుల పోలిక

పప్పుధాన్యాల నుంచి ప్రొటీన్ తీసి, దానితో త్రీడీ ప్రింటర్‌లో ఆహారం తయారుచేయడం బెంగళూరులో నేను చేసే పని. ఇక్కడి తెలుగువారిలో ఈ విషయమై నన్ను అడిగేవారు ఎక్కువగా రెండు రకాలు: మొక్కల ఆధారిత ఆహారంతో చిన్న వ్యాపారం మొదలుపెట్టాలనుకునే యువతీయువకులు, మింగడం కష్టమైన తల్లినో తండ్రినో ఇంట్లో చూసుకుంటున్నవారు. ఏ ప్రింటర్ కొనమంటారని ఇద్దరూ అడుగుతారు. ఏ పిండి వాడదామనుకుంటున్నారని నేను తిరిగి అడుగుతాను. యంత్రం కొనేసి దానికి సరిపడే పిండి కోసం నెలల తరబడి తంటాలు పడినవారిని చూశాను కాబట్టి ఇక్కడ కూడా ముందు పిండి గురించి, ఆ తరువాతే యంత్రం గురించి రాస్తున్నాను.

ప్రింటర్‌కు ఎలాంటి పిండి కావాలో మురుకులు వత్తినవారికి వేరే చెప్పనక్కరలేదు. గొట్టంలో ఉన్నంతసేపు పిండి ముద్దగా నిలిచి ఉండాలి, నొక్కగానే మెత్తబడి బిళ్ల రంధ్రంలోంచి జారాలి, బయటికి వచ్చిన మరుక్షణం మళ్లీ బిగుసుకుని ఆకారం నిలుపుకోవాలి. నీళ్లు ఎక్కువైతే మురుకు పరచుకుపోతుంది, తక్కువైతే చేతులు నొప్పిపుడతాయి, పిండి తీగ మధ్యలో తెగుతుంది. ప్రింటర్ దీనికి మరో భారం చేరుస్తుంది: సాధారణంగా 0.8 నుంచి 2 మి.మీ. దాకా రంధ్రం ఉండే నాజిల్ అనే మొనలోంచి వచ్చిన తీగ మీద తీగ, పొర మీద పొర పేర్చుకుంటూ పోతుంది కనుక అడుగు పొర పై పొరలన్నింటి బరువు మోయాలి. ఆ తరువాత ఆవిరిలోనో ఓవెన్‌లోనో పెట్టినప్పుడు ఆ ఆకారం కరిగిపోకూడదు. పిండిలో రవ్వ ఉంటే ఇవన్నీ వ్యర్థమే, 1.2 మి.మీ. నాజిల్ వాడేటప్పుడు 0.2 మి.మీ. కన్నా పెద్ద రేణువు మిగలకుండా జల్లించడం నా అలవాటు. ఒక్క పొట్టు ముక్క చాలు, అరగంట పని ఆగిపోవడానికి.

సోయా

ఆకారం నిలవడం, ప్రొటీన్ ఎక్కువగా ఉండడం అనే రెండే కొలతలుగా తీసుకుంటే సోయాను మించినది లేదు. గింజలోనే సుమారు 36 శాతం ప్రొటీన్ ఉంటుంది. నూనె తీసిన పిండిలో అది 50 శాతం, చక్కెరలు కూడా తీసేసిన కాన్సంట్రేట్‌లో 65 నుంచి 70 శాతం, దాదాపు ప్రొటీన్ ఒక్కటే మిగిల్చిన ఐసోలేట్‌లో 90 శాతం దాకా చేరుతుంది. ఐసోలేట్ తీసే పద్ధతి ఇంట్లో పాలు విరగ్గొట్టడం లాంటిదే. కొద్దిగా క్షారం కలిపిన నీళ్లలో ప్రొటీన్ కరిగి, పీచు అడుగున దిగుతుంది. ఆ తేటకు ఆమ్లం చేర్చి పీహెచ్‌ను 4.5 దగ్గరకు తెస్తే ప్రొటీన్ విరిగి గడ్డకడుతుంది. దాన్ని కడిగి ఆరబెడితే తెల్లని పొడి వస్తుంది. పిల్లలకూ పెద్దలకూ కావలసిన అమైనో ఆమ్లాల దృష్ట్యా చూసినా ఈ ప్రొటీన్ నాణ్యత పాల ప్రొటీన్‌కు దగ్గరగా ఉంటుంది.

సోయా ప్రొటీన్‌లో ప్రధానమైన భాగాలు రెండు. ఒకటి సుమారు 75 డిగ్రీల సెల్సియస్ దగ్గర విప్పుకుంటుంది, రెండవది 90 డిగ్రీల దగ్గర గానీ కదలదు. గట్టి ముద్ద కట్టడంలో ఎక్కువ పాత్ర ఆ రెండవదానిదే. ప్రింట్ చేసిన ముక్కను 80 డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు పెట్టినా మెత్తగానే ఉందని ఒక విద్యార్థి వాపోతే, దాన్ని ఇడ్లీ పాత్రలో పది నిమిషాలు ఆవిరి పట్టమన్నాను. కత్తితో కోయగలిగేంత గట్టిపడింది.

సోయాలో లోపాలూ ఉన్నాయి. మీల్ మేకర్ కూర వండేవారంతా ఆ ముక్కలను ముందు వేడినీళ్లలో ఉడికించి, గట్టిగా పిండి, ఆ నీళ్లు పారబోయడానికి కారణం దాని పచ్చి గింజ వాసన. ప్రింటర్ పిండిని అలా పిండలేము, కాబట్టి వాసన తక్కువ ఉన్న ఐసోలేట్‌కే డబ్బు పెట్టవలసి వస్తుంది. పచ్చి సోయాలో మన జీర్ణక్రియను అడ్డుకునే పదార్థాలు ఉంటాయి, వేడి వాటిని పోగొడుతుంది. అందుకే సోయా పిండిని పచ్చిగా ప్రింట్ చేసి అలాగే వడ్డించే ప్రయోగం చేయవద్దు. సోయా అలర్జీ ఉన్నవారూ ఉంటారు. జన్యుమార్పిడి గురించి అడిగేవారికి ఒక మాట: మన దేశంలో జన్యుమార్పిడి సోయా సాగుకు అనుమతి లేదు.

బఠానీ

విదేశాల్లో మొక్కల మాంసం చేసే సంస్థలు సోయాను వదిలి బఠానీ వైపు వెళ్లడం చూసి, ఇక్కడ కూడా బఠానీయే ఉత్తమమని అనుకునేవారు చాలామంది ఉన్నారు. ఆ సంస్థలకు ఒక కారణం ఉంది: అలర్జీ కలిగించవచ్చని లేబుల్ మీద చూపించాల్సిన పదార్థాల జాబితాలో సోయా ఉంది, బఠానీ చాలా చోట్ల లేదు. మనకు ఆ కారణం అంత బలమైనది కాదు. బఠానీ ఐసోలేట్‌లో 80 నుంచి 85 శాతం ప్రొటీన్ ఉన్నా, ఉడికించినప్పుడు అది కట్టే ముద్ద సోయా ముద్ద కన్నా బలహీనం. చివర్లో నాలుక మీద చేదు నిలుస్తుంది. ముడిసరుకైన పసుపు బఠానీ కూడా మనకు ఎక్కువగా కెనడా, రష్యా వంటి దేశాల నుంచే రావాలి.

నాకు ఎదురైన ఒక అనుభవం ఇక్కడ చెప్పాలి. నమూనా తెప్పించుకుని, పరీక్షించి, తృప్తిపడ్డాక ఒక వ్యాపారి దగ్గర 25 కిలోల బఠానీ ఐసోలేట్ సంచి కొన్నాను. సంచి విప్పి, నమూనాకు వాడిన నీళ్ల కొలతతోనే కలిపితే పిండి మజ్జిగలా పారింది. రంగు, రుచి, లేబుల్ మీది ప్రొటీన్ శాతం అన్నీ ఒకటే. ఆరబెట్టేటప్పుడు తగిలిన వేడిలో తేడా ఉంటే చాలు, పొడి నీటిని పట్టుకునే శక్తి మారిపోతుంది, ఆ తేడా లేబుల్ మీద కనపడదు. బఠానీయే కావాలనుకునేవారు ప్రతి విడత సరుకునూ విడిగా పరీక్షించుకోవడానికి సిద్ధపడాలి.

పెసలు

నా ఇష్టం దాచుకోను: ఇంటి అవసరానికైనా చిన్న వ్యాపారానికైనా నేను మొదట చేతిలోకి తీసుకునేది పెసరపప్పే. ఇందులో ప్రొటీన్ సుమారు 24 శాతమే. అయినా ఆ ప్రొటీన్ వేడికి గుడ్డు సొనలా గట్టిపడుతుంది. అమెరికాలో గుడ్డుకు బదులుగా అమ్ముతున్న ఒక మొక్కల ద్రవం పెసల ప్రొటీన్‌తోనే తయారవుతోంది. పెనం మీద పెసరట్టు పిండి ఒక్క నిమిషంలో అట్టుగా బిగుసుకోవడం మనం రోజూ చూస్తున్నదే. పైగా మిగిలిన దానిలో సగానికి పైగా ఉండే పిండిపదార్థం కూడా ఉడికితే చిక్కబడుతుంది గనుక ఐసోలేట్ కోసం వెతుక్కోకుండా పప్పు మొత్తాన్నీ వాడుకోవచ్చు.

పొట్టు తీసిన పెసరపప్పును నాలుగు గంటలు నానబెట్టి, మెత్తగా ఉడికించి, వేడిగా ఉండగానే రుబ్బి, జల్లెడ మీద గరిటెతో ఒత్తి వడగడతాను. చల్లారేసరికి అది గరిటె నిలబడేంత ముద్ద అవుతుంది. ఒట్టి పెసరముద్దతో 2 సెం.మీ. ఎత్తు గిన్నె ఆకారాన్ని ప్రింట్ చేస్తే, పదో పొర దాకా గోడ నిలువుగా లేచి, ఆ తరువాత అడుగు భాగం కొద్దికొద్దిగా బొజ్జలా బయటికి వచ్చి, చివరికి ఒక పక్కకు ఒరిగింది. అదే ముద్దలో బరువుకు అర శాతం శాంతన్ గమ్ అనే చిక్కబరిచే పొడి కలిపి, గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి మళ్లీ వత్తితే గిన్నె చివరి పొర వరకు నిలిచింది, గోడ మీద పొరల గీతలు కుండ మీది సారె గీతల్లా స్పష్టంగా కనిపించాయి. నేను అర శాతం దాటను; గమ్ ఎక్కువైతే నోట్లో జిగటగా, ఎంతకీ మింగుడుపడని ముద్దగా తయారవుతుంది.

శనగలు, రాగులు, మరికొన్ని

శనగల్లో ప్రొటీన్ సుమారు 20 శాతం. శనగపిండికి ఉన్న పెద్ద సౌకర్యం, అది దుకాణంలోనే సన్నగా విసిరి దొరకడం, దాని వాసన మన నోటికి పరిచయమైనది కావడం. బొంబాయి చట్నీ పొయ్యి మీద ఉన్నప్పుడు జారుగా ఉండి, చల్లారితే గరిటెకు అతుక్కుని గట్టిపడడం గమనించినవారికి ఈ పిండి ప్రింటర్‌లో ఎలా నడుస్తుందో అర్థమైపోతుంది: గోరువెచ్చగా ఉన్నప్పుడే వత్తాలి, చల్లారనిస్తే నాజిల్ మూసుకుపోతుంది. కారపు చిరుతిళ్లకు ఇది పెసలతో సమానం, తీపి వాటికి పెసల కన్నా మేలు. తంజావూరులో ఇప్పుడు నిఫ్టెమ్‌గా పిలుస్తున్న ఆహార సాంకేతిక సంస్థ పరిశోధకులు 2019లో ప్రచురించిన పనిలో ఊదలు, పెసలు, పుట్నాల పప్పు, వాము కలిపిన పిండితో పీచు ఎక్కువగా ఉన్న చిరుతిండిని ప్రింట్ చేశారు. ఆ పదార్థాల పట్టీ చదివితే మన ఇళ్లలో జంతికలకు కలిపే పిండే గుర్తుకొస్తుంది, అది నాకు ఎంతో సంతోషం కలిగించిన విషయం.

రాగులను ప్రొటీన్ కోసం ఎంచుకోవద్దు. అందులో ఉన్నది 7 శాతమే. 100 గ్రాములకు సుమారు 350 మి.గ్రా. కాల్షియం ఇచ్చే ధాన్యం మరొకటి లేదు కాబట్టి దానికోసం, ఆకారానికి బిగువు ఇస్తుంది కాబట్టి దానికోసం కలుపుకోవాలి. సంకటి చల్లారితే చాకుతో కోయవచ్చునన్న సంగతి రాయలసీమ వారికి తెలిసిందే. ఉడికించిన పెసరముద్ద 7 పాళ్లు, రాగి సంకటి 3 పాళ్లు కలిపితే గమ్ లేకుండానే గోడ నిలుస్తుంది. పైగా అమైనో ఆమ్లాల్లో, పప్పుల్లో తక్కువగా ఉండే మెథియోనిన్‌ను రాగులు, ధాన్యాల్లో తక్కువగా ఉండే లైసిన్‌ను పెసలు పూరిస్తాయి. రంగు మాత్రం ముదురు గోధుమ అవుతుంది, ఏ ఆకారం వత్తినా అందం తగ్గుతుంది.

వేరుశనగను తీసిపారేయలేం. మైసూరులో 1950లో మొదలైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) తొలి దశాబ్దాల్లోనే నూనె తీసిన వేరుశనగ పిండి 75 పాళ్లు, శనగపిండి 25 పాళ్లు కలిపి పోషకాహార పొడి తయారుచేసింది. బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషానికి పరీక్ష చేసిన సరుకు దొరికితేనే వాడాలి, విడిగా అమ్మే వేరుశనగ చెక్కను మనుషుల ఆహారానికి తీసుకోకూడదు. ఇక పనసకాయ: పీచు మాంసాన్ని తలపిస్తుంది, ప్రొటీన్ రెండు శాతం దగ్గరే ఉంటుంది, పీచు నాజిల్‌లో ఇరుక్కుంటుంది. దాన్ని కూరగా తినడమే మంచిది.

ప్రింటరా, ఎక్స్‌ట్రూడరా, మురుకుల గొట్టమా

వ్యాపారం చేయాలనుకునేవారు తరచుగా పొరబడేది ఇక్కడే. మాంసంలా చీలికలు చీలికలుగా విడిపోయే గుణం ప్రింటర్ ఇవ్వదు. అది ఎక్స్‌ట్రూడర్ పని: సగానికి పైగా నీళ్లున్న ప్రొటీన్ పిండిని తిరిగే స్క్రూల మధ్య 130 నుంచి 160 డిగ్రీల దాకా వేడిచేసి, ఒత్తిడితో చల్లని పొడవాటి అచ్చులోకి నెట్టినప్పుడు ప్రొటీన్ ఒకే దిశలో పేర్చుకుని పీచుగా గట్టిపడుతుంది. తక్కువ నీళ్లతో చేసి, బయటికి వచ్చేటప్పుడు ఉబ్బనిస్తే మీల్ మేకర్ అవుతుంది. ప్రింటర్ చేసేది వేరు: ఏ తీగ ఎక్కడ పడాలో, కొవ్వు ఎక్కడ, ప్రొటీన్ ఎక్కడ ఉండాలో నిర్ణయిస్తుంది. ఇజ్రాయెల్‌లో మొక్కల స్టేక్ ప్రింట్ చేసే సంస్థ కండ, కొవ్వు, రక్తం స్థానంలో మూడు వేర్వేరు మిశ్రమాలు వాడేది అందుకే. వియన్నాకు చెందిన ఒక సంస్థ 2023లో శిలీంధ్ర ప్రొటీన్‌తో ప్రింట్ చేసిన సాల్మన్ ముక్కను దుకాణాల్లో పెట్టింది. ఇంత పని చేసే యంత్రాలు మన చిన్న వర్క్‌షాపులకు అందేవి కావు.

వేగం కూడా లెక్క వేసుకోండి. 1.2 మి.మీ. నాజిల్ సెకనుకు 20 మి.మీ. కదిలితే నిమిషానికి పడేది దాదాపు 1.4 మి.లీ. పిండి. మూడు టేబుల్ స్పూన్లైనా రాని 40 మి.లీ. ముక్కకు అరగంట పడుతుంది. ఆ అరగంటా ఉడికిన పప్పు ముద్ద గది వేడిలో ఉంటుంది. వండిన ఆహారాన్ని 5 డిగ్రీల కన్నా కింద గానీ 60 డిగ్రీల కన్నా పైన గానీ ఉంచాలన్న సూత్రానికి ఇది విరుద్ధం గనుక కొద్ది కొద్దిగా నింపుకోవాలి, ప్రతి విడతకూ గొట్టాన్ని విప్పి కడగాలి. కుటుంబం మొత్తానికి రోజూ చిరుతిండి కావాలంటే మురుకుల గొట్టం ముందు ఏ ప్రింటరూ నిలవదు. చిరుధాన్యాల చిరుతిళ్లు అమ్మాలనుకునేవారికి కూడా నా సలహా చేతి గొట్టంతోనో చిన్న ఎక్స్‌ట్రూడర్‌తోనో మొదలుపెట్టమనే.

మింగడం కష్టమైనవారికి

ప్రింటర్‌కు నిజంగా విలువ ఉన్న చోటు ఇది. పక్షవాతం వచ్చిన తండ్రిని చూసుకుంటున్న ఒక అమ్మాయి, మదనపల్లె వైపు కుటుంబం, నా దగ్గరకు వచ్చి ఇలా అంది: "అక్కా, మా నాయనకు పితికిపప్పు అంటే ప్రాణం. మిక్సీలో వేసి పెడితే, ఇదేం జావమ్మా అని గిన్నె పక్కకు తోసేస్తున్నాడు." పితికిపప్పు అంటే నానబెట్టి, పొట్టు పితికి తీసిన అనపగింజల కూర. ఆ పెద్దాయన అడుగుతున్నది పప్పు పప్పులా కనిపించాలని. అన్నం అన్నంలా, కూర కూరలా కనిపిస్తే మరో నాలుగు ముద్దలు తింటారు, తినకపోతే బరువు తగ్గిపోతారు. ఐరోపాలో ఆహార ప్రింటింగ్ పరిశోధనలు వృద్ధుల ఆహారం వైపు మళ్లడానికి ఇదే కారణం.

ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉంటే, ఎంత మెత్తని ఆహారం సురక్షితమో ముందు నిపుణుల చేత తేల్చుకోండి. బెంగళూరులో నిమ్హాన్స్ ఆసుపత్రిలోనూ, మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలోనూ మింగే శక్తిని పరీక్షించేవారు ఉన్నారు. వారు ఐడీడీఎస్‌ఐ అనే అంతర్జాతీయ కొలమానంలో 0 నుంచి 7 దాకా ఒక స్థాయి చెబుతారు. స్థాయి 4 అంటే నమలనవసరం లేని ముద్ద: ఫోర్కు మీద కుప్పగా నిలవాలి, పళ్ల మధ్య నుంచి ధారగా కారకూడదు; చెంచా వంచితే మొత్తం ఒక్కసారిగా జారాలి, చెంచాకు అంటుకుని ఉండిపోకూడదు; ముద్ద నుంచి నీళ్లు విడిపోకూడదు. ఈ పరీక్షల్లో మన పిండుల తీరు వేరుగా ఉంటుంది. ఒట్టి రాగి సంకటి జిగట వల్ల ఇక్కడ పనికిరాదు. పలుచని పప్పులో నీళ్లు విడిపోతాయి. శనగముద్ద చల్లారితే అతుక్కుంటుంది. పెసరముద్దలో అర శాతం గమ్, చెంచాడు నూనె కలిపితే చెంచా పరీక్షలో నిలబడింది. సోయా ఐసోలేట్‌ను పదింట ఒక వంతు చేర్చితే ప్రొటీన్ పెరిగింది, జారే గుణం పోలేదు. ప్రింట్ చేశాక నూనెలో వేయించినా, ఓవెన్‌లో ఎండబెట్టినా పైన కరకరలాడే పొర వచ్చి ప్రమాదమవుతుంది. ఆవిరి ఒక్కటే దారి, అది పట్టాక చెంచా పరీక్ష మళ్లీ చేయాలి.

రోజూ పెట్టేందుకు మీరు ప్రింటర్ కొనాలా అంటే, ముందు సిలికాన్ అచ్చులతో నెల రోజులు చూడమంటాను. పెసరముద్దను బీన్స్ ఆకారంలోనో ఇడ్లీ ఆకారంలోనో అచ్చు వేసి పెడితే తింటున్నారా అన్నది తేలుతుంది. రోజుకో ఆకారం, రోజుకో పోషకాల కొలత కావలసిన ఆసుపత్రికో వృద్ధాశ్రమానికో అయితే ప్రింటర్ ఖర్చుకు అర్థం ఉంది.

కొనేముందు

పప్పు పిండి ఏదైనా 20 గ్రాములు తీసుకుని 60 మి.లీ. నీళ్లలో అరగంట నానబెట్టి, కలుపుతూ ఉడికించి, చల్లార్చి, గోరింటాకు కోన్ లాంటి కోన్‌లో నింపి పళ్లెం మీద 2 సెం.మీ. ఎత్తు గోడ కట్టి చూడండి. అది పావుగంట నిలిచి, ఆవిరిలో పది నిమిషాల తరువాత కూడా నిలిస్తే ఆ పిండి ప్రింటర్‌కు వస్తుంది. పొడి కొనేటప్పుడు ప్రొటీన్ శాతంతో పాటు ఉప్పు ఎంతో చూడండి, ఆమ్లంతో గడ్డకట్టించి మళ్లీ తటస్థం చేసిన ఐసోలేట్లలో సోడియం ఎక్కువగా ఉండవచ్చు, రక్తపోటు ఉన్నవారికి అది పట్టించుకోవాల్సిన విషయం. ఆకుపచ్చ చుక్క ఉన్నంత మాత్రాన పాలు లేవని కాదు. పాల పదార్థాలు కూడా వద్దనుకునేవారు 2022 నాటి వీగన్ ఆహార నిబంధనల కింద ఇచ్చే ఆకుపచ్చ 'వి' గుర్తు వెతకాలి. సోయా, వేరుశనగ, గోధుమ గ్లూటెన్ ఉంటే లేబుల్ మీద అలర్జీ సూచన తప్పనిసరి. పూర్తిగా మొక్కల ఆహారానికి మారేవారు బి12 విడిగా తీసుకోవడం గురించి డాక్టరుతో మాట్లాడాలి. పైన చెప్పిన ఏ పిండిలోనూ అది లేదు.

ఆ మదనపల్లె అమ్మాయికి ఏమి చెప్పానంటే: చలికాలంలో అవరెబేళె మేళా, అంటే అనపగింజల జాతర, జరిగే రోజుల్లో లేత అనపగింజలు బెంగళూరంతటా దొరుకుతాయి. రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్క గింజను బొటనవేలు, చూపుడువేలు మధ్య పితికితే పచ్చని పప్పు జారిపోయి పొట్టు వేళ్లలో మిగులుతుంది. అదే పొట్టు నాజిల్‌కు అడ్డు, గొంతుకూ అడ్డు. పితికిపప్పులో అది ముందే పోయింది. మెత్తగా ఉడికించి, వడగట్టి, ఉడికిన పెసరముద్దలో సగానికి సగం కలిపి, అర శాతం గమ్‌తో చిన్న చిన్న గింజల ఆకారంలో అచ్చు వేసి, ఆవిరి పట్టి, మసాలా పులుసును కూడా అదే చిక్కదనానికి తెచ్చి పైన పోయాలి. ఆకారం గింజలా ఉన్నా లోపల ముద్దే కాబట్టి నాయన గారికి నిపుణులు చెప్పిన స్థాయి 4 దాటదు. మొదటిసారి పెట్టేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, చెంచా పరీక్ష ఆయన ముందే చేసి, ఆ తరువాతే నోటికి అందించమన్నాను.